ఉపాధ్యాయులపై హింస: పాఠశాలల్లో రక్షణ

పాఠం చెప్పే పనిలో ఉన్నందుకే ఉపాధ్యాయులకు ఎదురయ్యే దాడి, బెదిరింపు, లైంగిక వేధింపు, పరువు తీసే ప్రచారం, నిరాధార ఫిర్యాదులతో సతాయించడం ఇవన్నీ ఉపాధ్యాయులపై హింస కిందికి వస్తాయి. చేసేవారు విద్యార్థులు కావచ్చు, వాళ్ల తల్లిదండ్రులు కావచ్చు, ఊళ్లో పలుకుబడి ఉన్నవారు కావచ్చు, ఒక్కోసారి జీతమిచ్చే యాజమాన్యమే కావచ్చు. యుద్ధాల్లో, సాయుధ పోరాటాల్లో బడులపై జరిగే దాడులది వేరే చరిత్ర, వేరే అంతర్జాతీయ ఒప్పందాలు. ఈ వ్యాసం వాటి జోలికి పోదు.

వార్తలకెక్కేవి హత్యలు. నిజానికి అవి చాలా అరుదు. టీచర్ల చేత ఉద్యోగం మాన్పించేవి, నిద్ర పట్టనివ్వనివి రోజూ జరిగే చిన్న విషయాలే: రాత్రి పదకొండింటికి వచ్చే ఫోను, క్లాసు మధ్యలో తలుపు తోసుకొచ్చి పిల్లలందరి ముందు నిలదీసే తండ్రి, ఎవరో తీసి వాట్సాప్‌లో తిప్పిన అర నిమిషం వీడియో. చట్టాలు మాత్రం చాలాచోట్ల హత్యల తర్వాతే పుట్టాయి. అందుకే వాటి చూపంతా కత్తి మీద ఉంటుంది. ఫిర్యాదు వచ్చిన తొలి గంటలో టీచరు పక్కన ఎవరు నిలబడాలో తేల్చి చెప్పినవి కొన్నే. ఒక దేశపు రక్షణ గట్టిదో కాదో చూడాల్సింది శిక్షాస్మృతిలో కాదు, ఆ తొలి గంటలోనే.

ఎవరి వల్ల, ఏ రూపంలో

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్ర సంఘం 2020-21లో దాదాపు 15,000 మంది ఉపాధ్యాయులను, ఇతర పాఠశాల సిబ్బందిని ప్రశ్నించింది. విద్యార్థులు తిట్టారనో బెదిరించారనో చెప్పిన టీచర్లు 33 శాతం. తల్లిదండ్రుల చేతిలో అదే అనుభవం ఎదురైనవారు 29 శాతం. విద్యార్థులు చెయ్యి చేసుకున్నారని చెప్పినవారు 14 శాతం. కోవిడ్ వల్ల చాలా బడులు సగం మూతపడి ఉన్న ఏడాది లెక్కలివి. ఇందులో మొదట కంటపడాల్సింది పిల్లల సంఖ్య కాదు, దాని వెనకాలే వచ్చి నిలబడ్డ తల్లిదండ్రుల సంఖ్య. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2013లో 34 దేశాల్లో జరిపిన సర్వేలో, వారానికి ఒకసారైనా విద్యార్థుల తిట్లు, బెదిరింపులు భరిస్తున్నామని చెప్పినవారు సగటున 3.4 శాతం ఉంటే, బ్రెజిల్‌లో 12.5 శాతం ఉన్నారు.

ఇలాంటి అంకెలన్నీ అసలు కంటే తక్కువే చూపిస్తాయనుకోవచ్చు. విద్యార్థి తన మీదికొచ్చాడని టీచరు రాతపూర్వకంగా చెబితే, స్టాఫ్‌రూమ్‌లో మొదట వినబడే మాట ‘ఆయనకు క్లాసు కంట్రోల్ లేదు’ అనే. హెడ్మాస్టరుకు బడి పేరు పోతుందని భయం. ప్రైవేటు స్కూలుకు వచ్చే ఏడాది అడ్మిషన్లు తగ్గుతాయని భయం. ఈ గుట్టు ఏ ఒక్క దేశానిదో కాదు. 2018 అక్టోబరులో పారిస్ శివారు క్రెతేయ్‌లో ఒక విద్యార్థి బొమ్మ తుపాకీని టీచరుకు గురిపెట్టిన వీడియో బయటికొచ్చాక, ఫ్రెంచి ఉపాధ్యాయులు వేల సంఖ్యలో తమ అనుభవాలు రాశారు. ఆ ప్రచారానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు మన మాటల్లో అర్థం ‘గొడవ చెయ్యొద్దు’. పైఅధికారులు తమకు రోజూ చెప్పే సలహా అదేనని వాళ్ల ఎత్తిపొడుపు.

మహిళా టీచర్లది మరో బాధ. 2022 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జిల్లాలో ఇంటర్ విద్యార్థులు తమ టీచరును క్లాసులోనే వెకిలి మాటలతో వేధించి, ఆ వీడియోలను తామే సామాజిక మాధ్యమాల్లో పెట్టారు. పోలీసు కేసు నమోదైంది. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల చట్టం బడికీ వర్తిస్తుంది, పదిమంది సిబ్బంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. అయితే ఆ కమిటీలు సాధారణంగా చూసేది సహోద్యోగుల మీద వచ్చే ఫిర్యాదులే. పదిహేడేళ్ల విద్యార్థి మీద టీచరు ఫిర్యాదు చేస్తే ఏం చేయాలో చాలామంది కమిటీ సభ్యులకే తెలియదు.

ఫోను వచ్చాక బడి గోడలు బడిని కాపాడడం మానేశాయి. 2024 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియాలోని గ్రేట్ వ్యాలీ మిడిల్ స్కూల్లో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు దాదాపు ఇరవై మంది టీచర్ల పేర్లతో నకిలీ టిక్‌టాక్ ఖాతాలు తెరిచారు. వాళ్ల కుటుంబ ఫొటోలను వాడుకుని అసభ్యంగా, జాతి ద్వేషంతో, లేనిపోని సంబంధాలు అంటగడుతూ పోస్టులు పెట్టారు. బడి వేళల్లో కాకుండా ఇళ్లలోంచి చేసిన పని కాబట్టి, భావప్రకటన స్వేచ్ఛ అడ్డొస్తుందంటూ అధికారులు కొందరిని కొద్ది రోజులు సస్పెండ్ చేసి ఊరుకున్నారు.

హత్యలు రాయించిన చట్టాలు

లండన్‌లోని సెయింట్ జార్జ్ కేథలిక్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు ఫిలిప్ లారెన్స్ 1995 డిసెంబరు 8న బడి గేటు దగ్గర, ముఠా చేతిలో దెబ్బలు తింటున్న తన విద్యార్థిని కాపాడబోయి కత్తిపోటుకు బలయ్యారు. మరుసటి ఏడాదే బడి ఆవరణలోకి కత్తి తేవడాన్ని ప్రత్యేక నేరం చేశారు. 2014 ఏప్రిల్ 28న లీడ్స్‌లో ఆన్ మెగ్వైర్ అనే స్పానిష్ టీచరును ఆమె తరగతి గదిలోనే పదిహేనేళ్ల విద్యార్థి పొడిచి చంపాడు. ఇంగ్లండులో ఈ రెండు మరణాలూ అందరికీ గుర్తే. కానీ అక్కడి టీచర్లకు రోజువారీగా ఎక్కువ అక్కరకొచ్చేవి పేరులేని రెండు చిన్న ఏర్పాట్లు. ఒకటి 1996 విద్యా చట్టం 547వ సెక్షన్: బడి ఆవరణలో రగడ చేసే పెద్దవాళ్లను బయటికి పంపవచ్చు, జరిమానా వేయవచ్చు. రెండోది 2011లో వచ్చింది: విద్యార్థి నేరారోపణ చేస్తే, కేసు కోర్టుకెక్కేదాకా ఆ టీచరు పేరు బయటపెట్టకూడదు. ఆరోపణ అబద్ధమని తేలినా అప్పటికే పోయిన పేరు తిరిగి రాదన్న ఎరుక ఆ చట్టంలో ఉంది.

ఫ్రాన్సులో సామ్యుయేల్ పాతీ ఉదంతం ఇంకా లోతుగా చూడదగ్గది. చరిత్ర బోధించే పాతీ భావప్రకటన స్వేచ్ఛపై పాఠంలో మహమ్మద్ ప్రవక్త వ్యంగ్యచిత్రాలు చూపించారు. ముస్లిం పిల్లలను బయటికి పంపేశారని ఒక బాలిక ఇంట్లో చెప్పింది. అసలు ఆ రోజు ఆమె ఆ క్లాసులోనే లేదు. తండ్రి వీడియోలు పెట్టాడు, ఒక కార్యకర్త వాటిని వ్యాప్తి చేశాడు. టీచరు పేరు, బడి ఉన్న ఊరు పదిరోజుల్లో దేశమంతా తిరిగాయి. 2020 అక్టోబరు 16న పద్దెనిమిదేళ్ల యువకుడొకడు వచ్చి పాతీని దారుణంగా చంపాడు. ఆ తర్వాత వచ్చిన 2021 ఆగస్టు 24 నాటి చట్టం, హాని తలపెట్టి ఒకరి వ్యక్తిగత వివరాలు బయటపెట్టడాన్ని నేరం చేసింది. బాధితులు ప్రభుత్వోద్యోగులైతే శిక్ష ఐదేళ్లు, జరిమానా 75,000 యూరోలు. 2024 డిసెంబరులో పారిస్ కోర్టు ఎనిమిదిమందికి శిక్షలు వేసింది, వారిలో ఆ తండ్రీ ఉన్నాడు. కానీ అప్పటికే ఇంకో ప్రాణం పోయింది. 2023 అక్టోబరు 13న అరాస్‌లో డొమినిక్ బెర్నార్ అనే ఫ్రెంచి సాహిత్యోపాధ్యాయుణ్ని బడి ముంగిట్లోనే, ఆ బడి పాత విద్యార్థే చంపాడు.

పాతీ కంటే పదేళ్ల ముందే కేరళలో దాదాపు ఇదే కథ నడిచింది. తొడుపుళ న్యూమన్ కాలేజీ మలయాళ అధ్యాపకుడు టి.జె. జోసెఫ్ తయారుచేసిన ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న దైవదూషణ అని గొడవ లేచింది. 2010 జులై 4న మూవాట్టుపుళలో ఆయన కుడిచెయ్యి నరికారు. చేతిని డాక్టర్లు అతికించారు, ఉద్యోగాన్ని కాలేజీ తీసేసింది. కోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చాక కూడా యాజమాన్యం వెంటనే కదల్లేదు. 2014 మార్చిలో ఆయన భార్య ప్రాణం తీసుకున్న తర్వాతే, సరిగ్గా పదవీ విరమణ ముంగిట, తిరిగి తీసుకున్నారు. ఇది కాలేజీ ముచ్చటే అయినా బడికీ అచ్చంగా వర్తిస్తుంది. నరికినవారు శత్రువులు, వాళ్లను కోర్టు చూసుకుంది. వదిలేసినవారు సొంతవాళ్లు, వాళ్లకు ఏ సెక్షనూ లేదు.

దక్షిణ కొరియా, 2023

ఉపాధ్యాయుల రక్షణ మీద ఒక దేశం మొత్తం వాదులాడుకున్న సందర్భం కావాలంటే దక్షిణ కొరియా వైపే చూడాలి. అక్కడ కత్తి లేదు, తుపాకీ లేదు. ఫోన్లు, ఫిర్యాదులు మాత్రమే ఉన్నాయి.

2023 జులై 18న సియోల్ నగరం సొచో ప్రాంతంలోని సొయి ప్రాథమిక పాఠశాలలో, ఒకటో తరగతి చెప్పే 23 ఏళ్ల ఉపాధ్యాయిని బడిలోనే ప్రాణం తీసుకున్నారు. ఉద్యోగంలో చేరి రెండో ఏడు. అంతకు వారం ముందు ఆమె క్లాసులో ఒక పిల్లవాడి నుదుటి మీద ఇంకో పిల్లవాడి పెన్సిలు గీరుకుంది. దాని మీద తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆమె సొంత నంబరు వాళ్లకెలా తెలిసిందని ఆమె ఆందోళన పడ్డారని సహోద్యోగులు చెప్పారు. తల్లిదండ్రులు నేరం చేసినట్టు ఆధారాలు లేవని ఆ నవంబరులో పోలీసులు తేల్చారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆమెది విధి నిర్వహణలో మరణంగా గుర్తించింది. ఈ రెండు నిర్ణయాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. నేరస్థుడు లేడు, కానీ ఉద్యోగమే చంపింది అని రాజ్యం ఒప్పుకున్నట్టయింది.

కొరియా ఇక్కడిదాకా ఎలా వచ్చింది? 2010 నాటిదాకా అక్కడి బడుల్లో బెత్తం రాజ్యమేలింది. 2010లో గ్యొంగి రాష్ట్రం, 2012లో సియోల్ విద్యార్థి హక్కుల ఆర్డినెన్సులు తెచ్చాయి, శారీరక శిక్ష నిషేధమైంది. ఇళ్లలో పిల్లల మరణాలు కొన్ని దేశాన్ని కుదిపేశాక 2014లో బాలల హింస నేరాలకు ప్రత్యేక శిక్షా చట్టం వచ్చింది. అది ఇంటికోసం రాసిన చట్టం. బడిలోకి వచ్చేసరికి పిల్లల మీద ‘మానసిక హింస’ అనే మాటకు హద్దు లేకుండా పోయింది. లేచి నిలబడమన్నా, పేరు బోర్డు మీద రాసినా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు అందగానే టీచరును క్లాసు నుంచి తప్పించడం ఆనవాయితీ అయింది. కేసు తేలేసరికి నెలలు పట్టేది. 2018 జనవరి నుంచి 2023 జూన్ వరకు వంద మంది ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు ప్రాణాలు తీసుకున్నారని విద్యాశాఖ లెక్కలు చెప్పాయి, అందులో 57 మంది ప్రాథమిక బడుల్లోనివారు.

ఆ జులై నుంచి ప్రతి శనివారం నల్ల దుస్తుల్లో టీచర్లు సియోల్ వీధుల్లో కూర్చున్నారు. సంఘాల జెండాలు లేకుండా, వరుసలు తప్పకుండా, సభ అయ్యాక చెత్త ఏరుకుని వెళ్లిన ఉద్యమం అది. సెప్టెంబరు 2న పార్లమెంటు ఎదుట జరిగిన సభకు రెండు లక్షల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు. సొయి బడి ఉపాధ్యాయిని పోయిన నలభై తొమ్మిదో రోజు, సెప్టెంబరు 4. బౌద్ధ ఆచారం ప్రకారం ముఖ్యమైన ఆ రోజున టీచర్లు మూకుమ్మడిగా సెలవు పెట్టారు. సెలవు పెడితే చర్య తప్పదని బెదిరించిన మంత్రిత్వశాఖ మర్నాడే వెనక్కి తగ్గింది.

2023 సెప్టెంబరు 21న నాలుగు చట్టాలకు సవరణలు ఒకేరోజు ఆమోదం పొందాయి. వాటిలో మెచ్చుకోదగ్గది శిక్షలు కాదు, పనుల పంపకం. సరైన కారణం లేకుండా, కేవలం హింస ఫిర్యాదు వచ్చిందని టీచరును పదవి నుంచి తప్పించరాదు. న్యాయమైన క్రమశిక్షణ బాలల హింస కిందికి రాదు. తల్లిదండ్రుల ఫిర్యాదులు చూసుకునే బాధ్యత ప్రిన్సిపాలుది, టీచరుది కాదు. టీచరు మీద కేసు దర్యాప్తులో ఉంటే, ఆ పని బోధనలో భాగమో కాదో విద్యాధికారి తన అభిప్రాయాన్ని పోలీసులకు ఏడు రోజుల్లోగా పంపాలి. టీచర్ల హక్కుల కమిటీలను 2024 మార్చి నుంచి బడి నుంచి తప్పించి జిల్లా విద్యా కార్యాలయానికి మార్చారు, ఎందుకంటే బడిలోనే ఉంటే ప్రిన్సిపాలు మొహమాటానికి విషయం మరుగునపడేది. 1395 అనే ఫోను నంబరు వచ్చింది. అంతకుముందే, 2023 సెప్టెంబరు 1 నుంచి అమలైన మార్గదర్శకాలు, అల్లరి ఆపని పిల్లవాణ్ని క్లాసు బయటికి పంపవచ్చని, ఫోను తీసుకోవచ్చని, ప్రమాదం ఉంటే పట్టుకుని ఆపవచ్చని స్పష్టంగా రాశాయి.

కోర్టులూ తమ వంతు చేశాయి. పిల్లల సంచిలో రికార్డరు దాచి పంపిన తల్లిదండ్రుల విషయంలో, క్లాసులో మాటలను అలా దొంగచాటుగా రికార్డు చేస్తే అది సాక్ష్యంగా చెల్లదని 2024 జనవరి 11న సుప్రీంకోర్టు చెప్పింది. ఆటిజం ఉన్న తన కొడుకు సంచిలో రికార్డరు పెట్టిన ఒక ప్రముఖ కార్టూన్ రచయిత కేసులో, కింది కోర్టు తప్పుపట్టిన ప్రత్యేక విద్యా టీచరును 2025 మేలో పైకోర్టు ఈ కారణంతోనే విడిచిపెట్టింది. మాటలు చెప్పలేని పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు ఇంకేం చేయగలరన్న ప్రశ్నకు మాత్రం ఆ తీర్పులో జవాబు లేదు. ప్రత్యేక అవసరాల పిల్లల తల్లిదండ్రులు అడిగిన ఆ ప్రశ్న న్యాయమైనదే.

తప్పంతా విద్యార్థి హక్కులదేనని కొందరు రాజకీయ నాయకులు తేల్చేశారు. 2024 ఏప్రిల్‌లో సియోల్ నగర మండలి విద్యార్థి హక్కుల ఆర్డినెన్సు రద్దుకు ఓటేసింది, వివాదం కోర్టుకు వెళ్లింది. ఇది దారి తప్పిన వాదన. వీధిలో కూర్చున్న టీచర్లు బెత్తం అడగలేదు, ఫోను ఎత్తే మనిషిని అడిగారు. 2025 మేలో జెజు ద్వీపంలో ఒక మాధ్యమిక పాఠశాల ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి కుటుంబం నుంచి వరుస ఫిర్యాదుల తర్వాత ప్రాణం తీసుకున్నారు. ఫిర్యాదులు ప్రిన్సిపాలు చూసుకోవాలన్న చట్టం వచ్చి అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఫోన్లు మాత్రం నేరుగా ఆయనకే వెళ్లాయి.

ఒక మధ్యాహ్నం, వరుస హెచ్చరికలు

2023 జనవరి 6, వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్. రిచ్‌నెక్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి. ఆరేళ్ల పిల్లవాడు తల్లి తుపాకీని సంచిలో తెచ్చాడు. ఆ రోజు పిల్లవాడి తీరు బాగోలేదని టీచరు అబిగెయిల్ జ్వెర్నర్ వైస్ ప్రిన్సిపాలుకు చెప్పారు. వాడి దగ్గర తుపాకీ ఉందని పిల్లలు చెప్పుకుంటున్న సంగతి మరో టీచరు చెప్పారు, సంచి వెతికారు, దొరకలేదు. జేబులో చూడాలని మరొకరు అడిగారు. తల్లి వచ్చేదాకా ఆగుదామని వైస్ ప్రిన్సిపాలు అన్నారు. కాసేపటికి రీడింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్న జ్వెర్నర్‌ను పిల్లవాడు కాల్చాడు. గుండు ఆమె చేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయింది. ఆ స్థితిలోనే ఆమె పిల్లలందర్నీ గదిలోంచి బయటికి పంపించారు.

ఆమె 4 కోట్ల డాలర్లకు దావా వేస్తే పాఠశాల బోర్డు చేసిన వాదన గుర్తుంచుకోదగ్గది: ఇది ఉద్యోగంలో జరిగిన గాయం, కార్మిక నష్టపరిహారం తీసుకుంటే చాలు. ఒకటో తరగతి టీచరు తుపాకీ గుండు తినడం ఆ ఉద్యోగానికి సహజమైన ప్రమాదం కాదని చెప్పి కోర్టు 2023 నవంబరులో దావాను ముందుకు సాగనిచ్చింది. 2025 నవంబరులో జ్యూరీ కోటి డాలర్ల పరిహారం ఇమ్మంది, చెల్లించాల్సింది మాజీ వైస్ ప్రిన్సిపాలు. దాడి చేసినవాడికి వయసు లేదు, శిక్ష లేదు. హెచ్చరిక విని ఊరుకున్నవారికి బాధ్యత ఉందని ఒక న్యాయస్థానం లెక్కగట్టిన అరుదైన సందర్భమిది. అమెరికాలోనే 2001లో వచ్చిన కవర్‌డెల్ చట్టం, క్రమశిక్షణ కోసం చేసిన పనులకు టీచర్లు సొంత డబ్బుతో పరిహారం కట్టే పనిలేకుండా కాపాడుతుంది. జ్వెర్నర్‌కు కావాల్సిన రక్షణ అది కాదు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

చెన్నైలో 2012 ఫిబ్రవరి 9న ఒక ఆంగ్లో ఇండియన్ పాఠశాలలో తొమ్మిదో తరగతి బాలుడు హిందీ టీచరును క్లాసులోనే పొడిచి చంపాడు. డైరీలో రాసిన వ్యాఖ్యలు అతని కోపానికి కారణం. బాల నేరస్థుల బోర్డు రెండేళ్లు ప్రత్యేక గృహానికి పంపింది. 2018 జనవరిలో హర్యానాలోని యమునానగర్‌లో పన్నెండో తరగతి విద్యార్థి తన తండ్రి రివాల్వరుతో ప్రిన్సిపాలును కాల్చాడు. అదే హర్యానాలో 2025 జులై 10న, గురుపౌర్ణమి నాడు, హిసార్ జిల్లాలో జుట్టు కత్తిరించుకురమ్మన్న ప్రిన్సిపాలును విద్యార్థులు పొడిచి చంపారు. 2024 డిసెంబరులో రాయచోటిలో క్లాసులో అల్లరిని మందలించిన ఉర్దూ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు విద్యార్థులతో గొడవ తర్వాత కుప్పకూలి చనిపోయారు. దాడి వల్లే పోయారని కుటుంబం ఆరోపించింది.

ఉపాధ్యాయుల కోసమంటూ దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ప్రభుత్వ టీచరు పబ్లిక్ సర్వెంట్ కాబట్టి భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ (పాత ఐపీసీ 353) కింద విధులకు అడ్డుపడుతూ దాడిచేస్తే రెండేళ్ల దాకా, 121వ సెక్షన్ కింద గాయపరిస్తే ఐదేళ్ల దాకా జైలు. ప్రైవేటు స్కూలు టీచరుకు ఈ రెండూ వర్తించవు. ఒకే వీధిలో, ఒకే సిలబస్ చెప్పే ఇద్దరిలో ఒకరిని కొడితే ప్రభుత్వాన్ని కొట్టినట్టు, ఇంకొకరిని కొడితే మామూలు కొట్లాట. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు బడుల విస్తృతి తెలిసినవారికి ఈ తేడా ఎంతమందిని బయట నిలబెడుతుందో చెప్పనక్కర్లేదు. 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రైవేటు సిబ్బందిని విచారణ లేకుండా తొలగించరాదంటుంది. కానీ నియామక పత్రమే చేతిలో లేనివారు ఆ సెక్షన్‌ను ఏం చేసుకోవాలి? ఇక్కడ డాక్టర్లతో పోలిక సహజంగానే వస్తుంది. వైద్య సిబ్బందిపై, ఆస్పత్రులపై దాడులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. అందులో ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేదు. ఆ చట్టం తర్వాత ఆస్పత్రుల్లో గొడవలు ఆగిపోయాయా అంటే లేదు. అయినా కేసు పెట్టాలంటే ఏ సెక్షన్ అన్న తర్జనభర్జన తప్పింది.

టీచరు మీద ఫిర్యాదు వస్తే ప్రభుత్వ బడిలో జరిగేది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పిల్లవాడి బంధువులు నలుగురు బడికొస్తారు, ఒకరి చేతిలో ఫోను తిరుగుతుంటుంది. సాయంత్రానికి లోకల్ చానల్‌లో స్క్రోలింగ్. మండల విద్యాధికారి (ఎంఈవో) విచారణకు వచ్చేలోపే జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసు నుంచి సస్పెన్షన్ ఉత్తర్వు. 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాల్లోని 8వ రూలు విచారణ పెండింగులో ఉండగా సస్పెండ్ చేయనిస్తుంది. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతటదే అమలవుతుంది. ఈలోగా చేతికొచ్చేది సగం జీతం లెక్కన జీవనభృతి. చాలా ఫిర్యాదుల్లో నిజముంటుంది, పిల్లల చెవులు చిల్లులు పడేలా కొట్టినవారూ ఉన్నారు. సమస్య విచారణ జరగడం కాదు, విచారణకు ముందే తీర్పు రావడం.

న్యాయస్థానాల్లో గాలి కొంత మారింది. జైపూర్ విద్యార్థి ఆత్మహత్య కేసులో వ్యాయామ ఉపాధ్యాయుడిపై పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 5న కొట్టేసింది. క్రమశిక్షణ కోసం మందలించినంత మాత్రాన ఆత్మహత్యకు పురికొల్పినట్టు కాదని జియో వర్గీస్ కేసుగా పేరొందిన ఆ తీర్పు సారం. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్. ఆ తేదీ ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం కావడం కాకతాళీయం. 2025 మార్చిలో కేరళ హైకోర్టు, టీచర్లపై వచ్చే ఫిర్యాదుల్లో కేసు కట్టేముందు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(3) సెక్షన్ ప్రకారం ప్రాథమిక విచారణ జరపాలని, అరెస్టుకు తొందరపడవద్దని చెప్పింది. కొరియా చట్టంలోని ఏడు రోజుల అభిప్రాయానికి ఇది మన దగ్గరి చుట్టం.

బెత్తం గురించి

‘కొట్టనిస్తే ఇవన్నీ ఉండవు’ అనేవారు స్టాఫ్‌రూముల్లోనే కాదు, తల్లిదండ్రుల్లోనూ చాలామంది. వీధిబడుల కాలంలో కోదండం వేసేవారు, గోడకుర్చీ వేయించేవారు, అయినా పిల్లలు గురువును గౌరవించేవారు అని వాళ్ల వాదన. ఆ రోజుల్లో బడిదాకా వచ్చిన పిల్లలెంతమంది, భయంతో మానేసినవాళ్లెంతమంది అన్నది ఈ వాదనలో రాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ పిల్లల సంస్థల సిబ్బంది క్రూరత్వానికి ఐదేళ్ల దాకా జైలు పెట్టింది. ఇవి ఉండాల్సినవే. లోపం ఎక్కడంటే, ఏం చేయకూడదో రాసినంత వివరంగా ఏం చేయవచ్చో ఎవరూ రాయలేదు.

చైనా ఈ పని చేసింది. 2021 మార్చి 1 నుంచి అక్కడ అమలైన విద్యా క్రమశిక్షణ నియమాలు కొట్టడాన్ని నిషేధిస్తూనే, అనుమతించిన చర్యలను పేరుపేరునా చెప్పాయి: మందలించడం, క్షమాపణ రాయించడం, అదనపు పని చెప్పడం, ఒక పీరియడ్‌కు మించకుండా నిలబెట్టడం. తల్లిదండ్రులతో వివాదం వచ్చినప్పుడు టీచరు తప్పు లేకపోతే బడి ఆయనపై ఏ చర్యా తీసుకోకూడదని కూడా రాశాయి. ఆ నియమాల్లో కొన్ని మనకు కఠినంగా అనిపించవచ్చు. కానీ ఆ జాబితా చేతిలో ఉన్న టీచరుకు తన హద్దు తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు.

మన దగ్గర ఆ ఖాళీలో ఏం జరుగుతుందో 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో కనిపించింది. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లల చదువు, నడవడి బాగుపడడం లేదంటూ, కొట్టలేం తిట్టలేం అని చెప్పి, వేదిక మీద వాళ్ల ముందు సాష్టాంగపడి గుంజీలు తీశారు. వీడియో చూసిన విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఆయనను మెచ్చుకున్నారు. జనం కొందరు కదిలిపోయారు, కొందరు నవ్వుకున్నారు. ఒక ప్రధానోపాధ్యాయుడికి తనను తాను శిక్షించుకోవడం తప్ప వేరే సాధనం తోచని వ్యవస్థను మెచ్చుకోవడం కష్టం.

బడి లోపలి ఏర్పాట్లు

అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), యునెస్కో కలిసి 1966 అక్టోబరు 5న ఉపాధ్యాయుల హోదాపై ఒక సిఫారసు పత్రం ఆమోదించాయి. అక్టోబరు 5ను ఉపాధ్యాయ దినం చేసింది ఆ పత్రమే. తల్లిదండ్రుల ఫిర్యాదుల గురించి అందులో ఉన్న మాటలు ఇప్పటికీ పాతబడలేదు. తల్లిదండ్రులు మొదట టీచరుతో, ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడాలి. పైఅధికారులకు ఫిర్యాదు చేస్తే అది రాతలో ఉండాలి, దాని ప్రతి టీచరుకు అందాలి. విచారణలో తన వాదన చెప్పుకునే అవకాశం ఉండాలి, విచారణ సాగుతుండగా బహిరంగ ప్రచారం జరగకూడదు. కొరియా 2023లో వీధికెక్కి సాధించుకున్నవాటిలో సగం ఈ నాలుగు వాక్యాల్లో అప్పటికే ఉన్నాయి. సిఫారసు కాబట్టి ఎవరూ కట్టుబడలేదు. దానికి భిన్నంగా, 2019 నాటి 190వ నంబరు ఐఎల్‌ఓ ఒప్పందం పనిచోట హింస, వేధింపులపై కట్టుబాటు గలది. బయటివారి వల్ల జరిగే హింసనూ లెక్కలోకి తీసుకుంటుంది, దానికి తోడు వచ్చిన సిఫారసు ప్రమాదం ఎక్కువున్న రంగాల్లో విద్యను పేర్కొంది. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

చట్టం కోసం ఆగకుండా ఒక హెడ్మాస్టరు చేయగలిగినవీ ఉన్నాయి. టీచర్ల సొంత ఫోను నంబర్లు తల్లిదండ్రులకు ఇవ్వకుండా బడికి ఒక నంబరు పెట్టడం. వచ్చినవారిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, టీచరును ఒంటరిగా కాకుండా మరొకరి సమక్షంలో మాట్లాడించడం. బెదిరింపు జరిగితే ఆ రోజే తేదీతో, సాక్షుల పేర్లతో రిజిస్టరులో రాయడం, ఎందుకంటే నెల తర్వాత రాసిన ఫిర్యాదుకు పోలీసుస్టేషన్లో విలువ తగ్గుతుంది. దాడి చేసిన విద్యార్థి పేరు ఎక్కడా బయటపెట్టకూడదు, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ దానికి అడ్డు. ఆ పిల్లవాడి కుటుంబ పరిస్థితి, మానసిక స్థితి కనుక్కునేందుకు కౌన్సెలర్ కావాలి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ను సంప్రదించవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీలో ఎక్కువమంది తల్లిదండ్రులే కాబట్టి, గొడవకు వచ్చినవారితో మాట్లాడేందుకు వాళ్లను ముందుంచితే చాలా వివాదాలు గేటు దగ్గరే చల్లబడతాయి. దెబ్బ తిన్న టీచరుతో స్టేషన్‌దాకా ఎవరో ఒకరు వెళ్లాలి. వైద్య ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, సెలవు ఏ ఖాతాలో రాస్తారో ఆ వారంలోనే తేల్చాలి. ఆ టీచరు అడిగితే తప్ప బదిలీ చేయకూడదు, ఎందుకంటే మన దగ్గర దాడి తర్వాత మొదట కదిలేది సాధారణంగా టీచరే.